చీటీ చేతికొచ్చాక, గుంటూరు వెళ్లేదాకా

తెనాలి: రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరు వెళ్లే ఉదయపు బండిలో అన్ని రకాల జనమూ ఉంటారు. కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదాలకు పోయే రైతులు, బుట్టలతో చిన్న వ్యాపారులు. భట్టిప్రోలులోనో వేమూరులోనో ఎక్కి కిటికీ పక్కన ఒదిగి కూర్చునే ఆడవారిలో, చేతిసంచి అడుగున నాలుగు మడతలు పెట్టిన ఆస్పత్రి చీటీ దాచుకుని వచ్చేవారూ అప్పుడప్పుడు ఉంటారు. ఎందాకా అమ్మా అని ఎదుటివారు పలకరిస్తే చుట్టాలింటికి అని చెబుతారు. ఆ చీటీలో వారిని భయపెట్టినది ఒక్కటే ముక్క. 'పాజిటివ్' అనో, 'అబ్‌నార్మల్' అనో ఉంటుంది. పైన గర్భాశయ ముఖద్వార పరీక్ష అని రాసి ఉంటుంది.

ఆ ముక్క ఎవరి చేతనైనా చదివించుకున్న రోజు మొదలు, పెద్దాస్పత్రిలో రెండోసారి పరీక్ష జరిగి ఫలితం తెలిసేదాకా గడిచే రోజులు ఉన్నాయే, అవి మహా చెడ్డవి. కొందరికి పది రోజులు, కొందరికి నెల. జబ్బు ఉన్నదో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు. అయినా నిద్ర పోతుంది, అన్నం సయించదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఇంటింటికీ తిరిగి కాన్సర్ పరీక్షలకు పిలవడం ఇటీవలి కాలంలో పెరిగింది గనుక ఈ చీటీలు అందుకునేవారూ పెరుగుతారు. పరీక్ష చేయించుకోండి అని చెప్పేవారు ఎందరో ఉన్నారు. చీటీ వచ్చాక ఆ రోజులు ఎలా గడపాలో చెప్పేవారే తక్కువ.

నలభై ఏళ్ల ఒక ఇల్లాలిని అనుకుందాం. ఊరు బాపట్ల పక్కన ఏదైనా సరే. భర్త కౌలు రైతు. ఇద్దరు పిల్లలు పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషను అయింది. ఒంట్లో బాధ ఏమీ లేదు. ఏ.ఎన్.ఎం. పిలిచిందని, పక్కింటి వదిన వెళుతోందని తానూ వెళ్లింది. వదినకు ఏమీ లేదన్నారు. ఈమె చేతిలో చీటీ పెట్టి పెద్దాస్పత్రిలో చూపించుకోమన్నారు. ఇంటికి వచ్చేసరికి ఆమెకు గుర్తుకు వచ్చేది డాక్టరు చెప్పిన మాటలు కాదు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట కాన్సర్‌తో మంచాన పడి పోయిన మేనత్త గుర్తుకు వస్తుంది.

'పాజిటివ్' అనే మాటే సగం చేటు చేస్తున్నది. మామూలుగా ఇది మంచి మాట. ఆస్పత్రిలో మాత్రం దీని అర్థం వేరు. పైగా గుంటూరు సీమలో హెచ్.ఐ.వి. పాజిటివ్ అనే మాట విననివారు లేరు. ఈ చీటీ చూసి అదే అనుకుని గుండె జారినవారు ఉంటే ఆశ్చర్యం లేదు. ఈ పరీక్షకూ దానికీ సంబంధం లేదని చీటీ ఇచ్చేటప్పుడే ఒక్క మాట చెబితే ఎంతో మేలు.

పరీక్ష ఏం చూస్తుంది

మన ఊళ్లలో ఎక్కువగా చేసేది వి.ఐ.ఎ. అనే పరీక్ష. గర్భసంచి మూతి మీద అయిదు శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే పచ్చళ్లలో వాడే వెనిగర్ వంటిదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లగా పొర కడుతుంది. ఖర్చు లేదు, యంత్రం లేదు, ఫలితం అప్పటికప్పుడే. అందుకే 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకు ఒకసారి ఈ పరీక్ష చేయాలని నిర్ణయించింది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో ఈ పరీక్ష చేసిన ఊళ్లలో ఈ కాన్సర్ మరణాలు మూడో వంతుకు పైగా తగ్గినట్టు 2007లో వెల్లడయింది.

అయితే దీనికి ఒక లోపం ఉన్నది. ఆ తెల్లదనం కాన్సర్ ముందు మార్పులకే కాక మామూలు పుండుకూ, వాపుకూ, తెల్లబట్ట వ్యాధులకూ వస్తుంది. జల్లెడ కన్నం పెద్దదిగా పెడితే గింజతో పాటు పొట్టు కూడా పడుతుంది. తప్పించుకుని పోవడం కంటె అదే నయమని ఇలా పెట్టారు. కనుక చీటీ వచ్చినవారిలో ఎక్కువ మంది రెండో పరీక్షలో ఏమీ లేదనిపించుకుని తిరిగి వచ్చేవారే.

ఇక పాప్ స్మియర్. గర్భసంచి మూతి నుంచి కణాలను పుల్లతోనో బ్రష్‌తోనో తీసి గాజు పలక మీద రాసి సూక్ష్మదర్శినిలో చూడడం. దీన్ని కనిపెట్టిన పాపనికొలావు గ్రీసు దేశస్థుడు, అమెరికాలో స్థిరపడ్డారు. ఆయన ఏళ్ల తరబడి తన భార్య మీదనే ఈ పరీక్ష చేసి కణాల తీరు నేర్చుకున్నారు. 1928లో మొదటిసారి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. 1940ల తర్వాత గాని లోకం ఒప్పుకోలేదు. పాప్ స్మియర్ చీటీలో మనవారికి తరచు కనిపించే 'ఇన్‌ఫ్లమేటరీ' అనే మాటకు వాపు అని అర్థం. దానికి కాన్సర్ అని అర్థం చెప్పేవారి మాట వినకూడదు.

మూడోది హెచ్.పి.వి. పరీక్ష. ఈ కాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా అనే వైరస్. ఆ సంగతి రుజువు చేసిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. రాష్ట్రం ఉమ్మడిగా ఉన్న రోజుల్లో హైదరాబాదు పక్కన మేడ్చల్ మండలంలో రెండు వేల మూడు వందల పైచిలుకు స్త్రీలకు ఈ మూడు పరీక్షలూ చేసి చూశారు. 2010లో ఫలితాలు ప్రచురించారు. వైరస్ కనిపించినది నూటికి సుమారు పది మందిలో. వైద్యం చేయవలసినంత మార్పు ఉన్నది నూటికి సుమారు ఒక్కరిలో. తెలుగు పల్లెల ఆడవారి లెక్కే ఇది. చీటీ పట్టుకుని కుమిలిపోతున్న ఇల్లాలికి ముందుగా చెప్పవలసినది ఈ లెక్క.

ఎందుకంటే ఈ వైరస్ సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్ల లోపు దానంతట అదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో కణాలు మారడం మొదలైనా, కాన్సర్ దాకా పోవడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు పడుతుంది. తేలికపాటి మార్పులు చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. నెల రోజులు ఆలస్యమైందని కొంపలు మునగవు.

అలాగని చీటీని చూరులో దోపి ఊరుకోవడమూ కుదరదు. న్యూజీలండ్‌లోని ఆక్లండ్ ఆస్పత్రిలో 1960, 70 దశకాల్లో ముదిరిన మార్పులున్న కొందరు స్త్రీలకు వైద్యం చేయకుండా కేవలం చూస్తూ ఊరుకున్నారు. అది బయటపడి 1987-88లో జడ్జీ విచారణ జరిగింది. ఆ స్త్రీల వివరాలు తర్వాత లెక్క తీస్తే, సరైన వైద్యం అందనివారిలో ముప్ఫయ్యేళ్లలో నూటికి ముప్ఫై మందికి పైగా కాన్సర్ వచ్చింది. వైద్యం అందినవారిలో నూటికి ఒక్కరికి కూడా రాలేదు. ముదిరిన మార్పు ఉన్నా కాన్సర్ రేపే రాదు, అందరికీ రాదు. వైద్యం చేయించుకుంటే దాదాపు రానే రాదు. మన దేశంలో 2022లో ఈ కాన్సర్ కొత్తగా సుమారు 1 లక్షా 27 వేల మందికి వచ్చిందనీ, దాదాపు 80 వేల మంది దీనితో చనిపోయారనీ అంచనా. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. చీటీ వచ్చిన ఇల్లాలు ఆ కొద్దిమందిలో ఉన్నది.

ఇంట్లో చెప్పాలా వద్దా

ఇదే పెద్ద చిక్కు. ఆడవారి జబ్బు గనుక మగవారితో చెప్పలేరు. అత్తగారితో చెబితే ఊరంతా తెలుస్తుందని భయం. హెచ్.పి.వి. పాజిటివ్ అని రాసి ఉంటే మరీ అడకత్తెరలో పోకచెక్క. ఇది భార్యాభర్తల కలయిక వల్ల అంటే వైరస్ అని ఎవరో చెబుతారు. అంతటితో ఇంట్లో చిచ్చు. ఆమె ఆయనను అనుమానిస్తుంది, లేదా ఆయన ఆమెను.

ఈ అనుమానానికి ఆధారం లేదు. పెళ్లయిన స్త్రీ పురుషుల్లో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. ఎన్నో ఏళ్లు ఏ గుర్తూ లేకుండా ఒంట్లో దాగి ఉండి తర్వాత బయటపడవచ్చు. ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది ఏ డాక్టరూ చెప్పలేరు. నీతికీ దీనికీ ముడిపెట్టకూడదు. జలుబు ఎవరి నుంచి అంటిందని పంచాయితీ పెట్టుకుంటామా? ఈ మాట భర్తకు భార్య చెప్పుకోవడం కష్టం. ఏ.ఎన్.ఎం. గాని, డాక్టరు గాని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. అలా చెప్పమని అడగడంలో తప్పు లేదు.

ఊరందరికీ చెప్పనక్కరలేదు, ఒక్కరికి చెప్పుకుంటే చాలు. అక్కో, చెల్లెలో, ఎదిగిన కూతురో, నోరు జారని పక్కింటి మనిషో. ఎవరికీ చెప్పకుండా మోసే బరువు రాత్రిపూట రెట్టింపవుతుంది. పగలు నాట్లు, కలుపు, మినప కోత, పాడి గొడ్ల మధ్య మరుపు ఉంటుంది. దీపం ఆర్పాకే మొదలవుతుంది ఆలోచన. పిల్లల పెళ్లిళ్లు ఎవరు చేస్తారు, అప్పు ఎవరు తీరుస్తారు అని అక్కడి దాకా పోతుంది. ఆశా కార్యకర్త ఆ ఊరి మనిషే గనుక, 'వదినా, గుంటూరు నేను తోడు వస్తాను, ఫలానా రోజు వెళదాం' అంటే ఆ ఒక్క మాటతో సగం భారం దిగుతుంది. రోజు ఖాయం కావడమే ముఖ్యం. తేదీ తెలియని ఎదురుచూపు మనిషిని తినేస్తుంది.

గుండె దడ, నిద్రలేమి, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పవలసినదే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే సాయం 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రి పగలు ఉచితంగా, తెలుగులోనే దొరుకుతుంది. పిచ్చివారికి కదా అని సందేహించనక్కరలేదు.

గర్భసంచి తీయించేస్తే పోలా

భయం మనిషిని రెండు దారులకు నెడుతుంది. ఒకటి, చీటీ చింపి పారేయడం. రెండోది, మన ప్రాంతంలో ఎక్కువగా భయపడవలసినది, గర్భసంచి తీయించుకోవడం. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకా అదెందుకు, తీసేస్తే కాన్సర్ భయమే ఉండదు' అనే సలహా ఇంట్లో దొరుకుతుంది, రచ్చబండ దగ్గరా దొరుకుతుంది. కొన్ని చోట్ల కాసుల కోసం ఈ సలహా ఇచ్చేవారూ ఉన్నారన్నది దేశమంతా తెలిసిన సంగతే. 2015-16 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు కాగా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అన్ని రాష్ట్రాలలోకీ మనదే మొదటి స్థానం. అనవసరంగా ఈ ఆపరేషన్లు చేయకుండా మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

తెల్లబట్ట అయినా, వి.ఐ.ఎ. పాజిటివ్ అయినా, పాప్ స్మియర్‌లో వాపు అయినా గర్భసంచి తీయడానికి కారణాలు కావు. రెండో పరీక్ష చేయకుండా తీసేస్తే నష్టం కూడా ఉన్నది. లోపల నిజంగా కాన్సరే ఉంటే దానికి చేయవలసిన ఆపరేషను వేరు, వైద్యం వేరు. మామూలు ఆపరేషను చేసి తర్వాత తెలుసుకుంటే వైద్యం చిక్కుల్లో పడుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదేళ్లకే ముట్లుడిగిపోయి ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత మొదలవుతాయి. కూలికి వెళ్లే మనిషికి ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు. ఎవరైనా తీసేద్దామంటే, ముక్క పరీక్ష రిపోర్టు ఏదండీ అని అడగాలి. రిపోర్టు లేకుండా ఒప్పుకోకూడదు.

గుంటూరులో ఆ రోజు

తెనాలి నుంచి గుంటూరు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. బాపట్ల వారు పొన్నూరు మీదుగా బస్సులోనో, తెనాలి మీదుగా రైలులోనో వెళతారు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో కలిసినా, పెద్ద వైద్యానికి అందరూ చూసేది గుంటూరు పెద్దాస్పత్రి వైపే. కాల్పోస్కోపీ అనే ఈ రెండో పరీక్ష దగ్గరలో ఇంకెక్కడ చేస్తారో చీటీ రాసిచ్చిన చోటనే అడిగి తెలుసుకుని బయలుదేరితే తిరుగుడు తప్పుతుంది. బహిష్టు రోజులు కాకుండా చూసుకోవాలి. కడుపుతో ఉంటే ముందే చెప్పాలి. పాత చీటీలు అన్నీ వెంట ఉండాలి.

పేరు వింటే భయం గాని కాల్పోస్కోపీ అంటే భూతద్దంతో చూడడమే. ఆ యంత్రం ఒంటికి తగలదు, బయటే ఉంటుంది. మొదటి పరీక్షలో లాగానే బల్ల మీద పడుకోబెట్టి, లోపల వెనిగర్ వంటి మందు, తర్వాత అయోడిన్ అద్ది పెద్దదిగా చేసి చూస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. అనుమానం ఉన్న చోట బియ్యపు గింజంత ముక్క తీస్తారు. చిటుక్కుమని గిల్లినట్టు ఉంటుంది. ఒకటి రెండు రోజులు కొంచెం ఎర్రబట్ట కనిపించవచ్చు. ముక్క తీశారంటే కాన్సర్ ఉన్నట్టే అని వెయిటింగు బెంచీల మీద చెప్పుకుంటారు. అది తప్పు. లేదని తేల్చడానికి కూడా ముక్కే కావాలి. ముక్క ఫలితానికి మళ్లీ వారం, రెండు వారాలు పట్టవచ్చు. ఎప్పుడు రావాలి, ఎవరిని అడగాలి అనేది ఆ రోజే కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే మరో ఎదురుచూపు మొదలవుతుంది.

డాక్టరు ముందు కూర్చోగానే అనుకున్న ప్రశ్నలన్నీ మరచిపోవడం అందరికీ జరిగేదే. ముందు రోజు రాత్రి చదువుకునే పిల్లల నోటు పుస్తకంలోని కాగితం మీద రాయించుకుని వెళ్లడం మంచి ఉపాయం. మార్పు తేలికదా, ముదిరినదా? వైద్యం ఇప్పుడే కావాలా, ఆగి చూడవచ్చా? ఆగితే ఎన్ని నెలలకు రావాలి? ఈ మూడూ అడిగితే చాలు. తోడు వచ్చిన మనిషిని కూడా లోపలికి రానివ్వమని కోరాలి. భయంలో ఉన్న మనిషి చెవికి సగం మాటలే ఎక్కుతాయి.

వైద్యం కావలసి వచ్చినా అది పెద్దది కాదు. మార్పు వచ్చిన చోటును చలితో గడ్డకట్టించడం, వేడి మొనతో కాల్చడం, సన్నని విద్యుత్ తీగ చుట్టతో ఆ పొరను కోసి తీయడం, ఈ మూడింటిలో ఒకటి. వేడి మొనతో చేసేది నిమిషాల పని. తీగతో చేసేదానికి ఆ చోటు మాత్రమే మొద్దుబారేటట్టు సూది ఇస్తారు. చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేస్తారు. కొన్ని వారాలు నీళ్లలా బట్ట కావచ్చు. నెల రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండాలి, బరువులు ఎత్తకూడదు. గర్భసంచి గర్భసంచిగానే ఉంటుంది. నూరు మందిలో ఏ కొద్దిమందికో కాన్సరే అని తేలినా, పరీక్షలో తొలి దశలో దొరికినది నయమయ్యే కాన్సర్. గుంటూరు పెద్దాస్పత్రిలోని నాట్కో కాన్సర్ కేంద్రం వంటివి ఉన్నాయి. ఈ వైద్యానికి హైదరాబాదు దాకా పరుగెత్తవలసిన రోజులు చాలావరకు పోయాయి.

ఆగకూడనివారు ఎవరో కూడా తెలుసుకోవాలి. కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగిన తర్వాత మళ్లీ ఎర్రబట్ట అయినా, నెలమధ్యలో అయినా, దుర్వాసనతో బట్ట అవుతున్నా చీటీతో, తేదీతో పని లేదు, వెంటనే చూపించుకోవాలి. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలలో ఈ మార్పులు త్వరగా ముదురుతాయి గనుక వారు వాయిదా వేయకూడదు. తల్లికి చీటీ వచ్చిందని కూతురికి కూడా వస్తుందేమోనన్న దిగులు మరొకటి. ఇది రక్తంలో దిగే జబ్బు కాదు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు దీనికి టీకా ఉన్నది. డాక్టరును ఆ మాట కూడా అడగవచ్చు.

రెండో పరీక్షలో ఏమీ లేదన్నా, వైద్యం చేసి పంపినా, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ రమ్మంటారు. సాయంత్రం బండిలో తిరుగు ప్రయాణమయ్యే ఇల్లాలికి ఈ మాట సగమే గుర్తుంటుంది. గండం గడిచిందన్న సంతోషంలో చీటీలన్నీ చింపి తెనాలి ప్లాట్‌ఫారం మీదనే పారేసేవారు ఉంటారు. అవి ఇంటికి చేరాలి. రేషను కార్డు, పట్టాదారు పాసు పుస్తకం దాచుకునే కవరులోనే వాటినీ పెట్టాలి. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు మొదట అడిగేది ఆ కాగితాలనే.